నిమ్మచెట్టెక్కిన సర్కారు తీగ

ఇలా రండి, ఇంకొంచెం దగ్గరికి. ఆ కిటికీ దగ్గర నిలబడ్డవాళ్లు కూడా వచ్చి కూర్చోండి. చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టండి. ఈ సంగతి పేపర్లో సగమే వచ్చింది, మిగతా సగం నా దగ్గరుంది. మన మంత్రిగారి గొప్పతనం గురించి చెబుతాను. గొప్పవాళ్ల సంగతి గొంతు తగ్గించి చెప్పుకోవాలి. గట్టిగా చెబితే పొగడ్తలా ఉంటుంది, మెల్లగా చెబితే నిజంలా ఉంటుంది.

ఆ రోజు పొద్దున మైకు కట్టిన జీపొకటి మా వీధిలోకి వచ్చింది. అప్పుడే పొయ్యి మీద పాలు పెట్టాను. యుద్ధం వచ్చిందని జీపులోంచి ఒక గొంతు చెప్పింది. పాలు పొంగిపోయాయి. ఎవరి మీద యుద్ధమా అని అందరం గుమ్మాల్లోకి వచ్చి నిలబడితే, తీగ మీదట.

"గౌరవనీయులైన మంత్రివర్యులు ఈ క్షణం నుంచి ఆక్రమణ తీగ మీద యుద్ధం ప్రకటించారు. తీగ లాగుదాం, డొంక కదిలిద్దాం. ఈ యుద్ధంలో ప్రజలు పూర్తిగా సహకరించాలి. సహకారమంటే ఎవరూ ఏమీ చేయకపోవడం."

ఇంత స్పష్టంగా మాట్లాడిన ప్రభుత్వాన్ని నా వయసులో నేను చూడలేదు. వెనకటి మంత్రులు ఏమీ చేయొద్దని పైకి చెప్పేవాళ్లు కాదు, మనమే అర్థం చేసుకోవలసి వచ్చేది.

ఈ మంత్రిగారిని మేం ప్రేమగా ప్రారంభంగారు అంటాం. ఆయన చెయ్యి పడితే ఏదైనా ప్రారంభమవుతుంది. వంతెన ప్రారంభించారు, పాపం అది ఇప్పటికీ అదే భక్తితో ప్రారంభంలోనే ఉంది. ఆస్పత్రి ప్రారంభించారు. రిబ్బను కట్టడానికి తలుపు కావాలి కాబట్టి ముందు తలుపు నిలబెట్టారు, గోడలు వెనకాల వస్తాయి. ఆ తలుపు తోసుకుని అటు వెళితే మళ్లీ వీధే. జబ్బుతో వెళ్లినవాళ్లు గాలి పీల్చుకుని తిరిగొస్తారు. కొందరికి తగ్గింది కూడా.

సరే, తీగ సంగతి. అది ఎక్కడి నుంచి వచ్చిందో అప్పటికి మాకెవరికీ తెలీదు. గాలికి దూదిపింజలాంటి గింజ ఒకటి ఎగిరొచ్చి పెరట్లో పడుతుంది. నాలుగు వానలు పడేసరికి గోడెక్కుతుంది. ఆకులు జంటజంటగా, ఎదురెదురుగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతూ ఉంటాయి. తుంచితే పాలు కారతాయి, ఆ పాలు తగిలితే చెయ్యి దురద. చెప్పాపెట్టకుండా వచ్చి, ఇక కదలదు కాబట్టి మా వీధివాళ్లు దానికి చుట్టాల తీగ అని పేరు పెట్టారు. మా ఇంటికి అప్పటికి చుట్టాలెవరూ రాలేదు. అదొక్కటే వచ్చింది.

వచ్చి మా కోడలి నిమ్మచెట్ల మీద పడింది.

మా అబ్బాయి లారీ తోలతాడు. ఇంట్లో ఉన్న రోజుల కంటే దారిలో ఉన్న రోజులే ఎక్కువ. ఇంటి వెనక చెత్త పోసుకునే ఖాళీ స్థలాన్ని మా కోడలు తవ్వి, రాళ్లేరి, నిమ్మ అంట్లు తెచ్చి నాటి తోట చేసింది. పెళ్లయి వచ్చినప్పుడు ఆ ఇంట్లో గిన్నెలు నావి, మంచాలు మా ఆయనవి, రేడియో మా అబ్బాయిది. నాది అని ఆ పిల్ల చెయ్యి పెట్టి చూపించగలిగినవి ఆ నిమ్మచెట్లే. సోడాకొట్టు ఆయన నుంచి పెద్ద హోటలు వాళ్ల దాకా మా కోడలి కాయల కోసమే వచ్చేవాళ్లు. ఎవరైనా నా పేరు చెప్పి నిమ్మకాయలు అడిగితే, "అత్తయ్యవి కావండీ, నావి" అనేది. నాకు కోపం వచ్చేది కాదు. వచ్చేది గానీ, న్యాయమే కదా అనుకునేదాన్ని.

జీపు వచ్చిన రోజుకి చెట్లు పూత మీదున్నాయి. తీగ సగం కమ్మేసింది. ఎండ తగలకపోతే పూత నిలవదు, ఇంకో వానాకాలం దాకా తీగ ఉంటే చెట్టే నిలవదు. పైన కోస్తే ఒకటికి మూడు మొలుస్తున్నాయని ముందే చూసుకుంది కాబట్టి, ఆ పొద్దున వేరు మొదలుతో సహా తవ్వి పారేద్దామని మా కోడలు కొంగు బిగించి గునపం పట్టుకుంది. సరిగ్గా అప్పుడే యుద్ధం ప్రకటించారు. అది ఏ తీగో ప్రభుత్వం గుర్తించే దాకా ఎవరూ దాన్ని ముట్టుకోకూడదట. ప్రైవేటుగా పీకడం నేరమట.

మా కోడలు గునపం గోడకి ఆనించి, "సరే అత్తయ్యా, రానివ్వండి" అంది.

వచ్చారు. గుర్తింపు ఆఫీసరుగారు. మెడలో భూతద్దం, నెత్తిన టోపీ, చూపులో లోతు. ఆయన ఆ తీగను చూసిన తీరు చూడాలి మీరు. ముందు నుంచి చూశారు. వెనక నుంచి చూశారు. కూర్చుని చూశారు. ఒక ఆకుని వాసన చూసి, చాలాసేపు కళ్లు మూసుకున్నారు. నిద్రపోయారేమోనని టీ తెచ్చాను. కళ్లు తెరిచి టీ తాగి, ఇది తీగే అన్నారు. అంత చదువు చదివితే గానీ అంత ధైర్యంగా చెప్పలేరు.

ఏ తీగ అని అడిగింది మా కోడలు. పువ్వు చూస్తే గానీ చెప్పలేనన్నారు ఆఫీసరుగారు.

"పువ్వు ఎప్పుడు పూస్తుంది సార్?"

"ఏ తీగో తెలిస్తే చెప్పొచ్చమ్మా."

"ఏ తీగో ఎప్పుడు తెలుస్తుంది?"

"పువ్వు పూసినప్పుడు."

మా కోడలు చెట్ల వైపు చెయ్యి చూపించి, ఈలోగా నా చెట్లు చచ్చిపోతే అని అడిగింది. ఆఫీసరుగారు జాలిగా నవ్వారు. ఆయన శాఖ తీగలదట. చెట్ల శాఖ వేరే భవనంలో ఉంటుందట, ఆ భవనాన్ని మంత్రిగారు ఈమధ్యే ప్రారంభించారట.

మర్నాటి నుంచి మా పెరడు సర్కారు స్థలమైపోయింది. తీగ చుట్టూ ముళ్లకంచె వేశారు. పువ్వు పూసే లోపల ఎవరైనా దాన్ని పీకేస్తే యుద్ధం చేయడానికి శత్రువు ఉండడు కదా, అందుకని కాపలా పెట్టారు. కాపలాదారు మంచివాడే. మెడలో ఈల ఉండేది. మా కోడలు కంచె వైపు చూస్తే చిన్న ఈల, నడిస్తే పెద్ద ఈల. బట్టలు ఆరేసుకోవడానికి వెళ్లినా ఊదేవాడు. అతన్ని ఈలాయన అనేవాళ్లం. రెండు పూటలా మా ఇంట్లోనే టీ తాగేవాడు, తాగుతూ కూడా కిటికీలోంచి ఊదేవాడు. ఉద్యోగం మీద అంత శ్రద్ధ.

పువ్వు రాలేదు. మంత్రిగారి ఆఫీసు నుంచి రోజూ ఫోను, పువ్వు వచ్చిందా అని. పురిటింటికి కూడా అన్నిసార్లు ఎవరూ ఫోను చేయరు. ఆఫీసరుగారు కంగారుపడి తీగకి బలం చాలడం లేదని తేల్చారు. నీళ్ల ట్యాంకరు తెప్పించారు. మా వీధి కుళాయిల్లో అప్పటికి చాలా రోజులుగా నీళ్లు లేవు. ట్యాంకరు రాగానే బిందెలతో పరిగెత్తాం. ఈలాయన ఈల ఊదాడు. ట్యాంకరు తిన్నగా మా పెరట్లోకి వెళ్లి తీగకి నీళ్లు పోసి వెళ్లిపోయింది. తరవాత ఎరువు వచ్చింది. శత్రువుని బలంగా చేసి మరీ కొట్టే ధర్మయుద్ధం చూడటం నా జన్మలో అదే మొదలు.

తీగ ఆ మర్యాదకి పొంగిపోయింది. నిమ్మచెట్లు దాటి గోడెక్కింది, గోడ దాటి పక్కింటి వదిన బాత్రూము కిటికీలోంచి లోపలికి తొంగి చూసింది. వదిన ఫిర్యాదు చేస్తే ఆఫీసరుగారు వచ్చి ఆ కొసకి కూడా ప్రభుత్వ రక్షణ ఉందని చెప్పి వెళ్లారు. వదిన ఆ రోజు నుంచి స్నానానికి మా ఇంటికి వచ్చేది.

చెట్లలో ఒకటి ఎండిపోయింది. గోడ మూలన ఉన్నది, మా కోడలు మొదట నాటిన చెట్టు. ఆ పిల్ల ఏడవలేదు. ఆ రోజు గిన్నెలు మాత్రం చాలా గట్టిగా తోమింది. ఒక గిన్నె అడుగు ఇప్పటికీ సొట్టే.

అది చూసి ఆఫీసరుగారికి కొత్త ఆలోచన వచ్చింది. తీగకి ఎండ చాలడం లేదు, నిమ్మకొమ్మలు అడ్డం వస్తున్నాయి, వాటిని కొట్టేస్తే పువ్వు త్వరగా రావచ్చు అన్నారు. అంటే ఏమిటో ముందు నాకు అర్థం కాలేదు. మా కోడలికి అయింది.

"చెట్లని కాపాడటానికి తీగని గుర్తించాలి. తీగని గుర్తించడానికి చెట్లని కొట్టాలి. అంతేనా సార్?"

ఇంత త్వరగా విషయం గ్రహించే ప్రజలుంటే దేశం ఎక్కడికో పోతుందని ఆఫీసరుగారు మెచ్చుకున్నారు. కొమ్మలు కొట్టే మనుషులు వచ్చే వారం వస్తారన్నారు.

ఇక్కడ మంత్రిగారి గొప్పతనం మళ్లీ కనబడుతుంది. ఆయన అంతకాలం ఆగలేకపోయారు. యుద్ధం ప్రకటించి ఇన్నాళ్లయినా ఒక్క ఫోటో లేదు. గుర్తింపు తరవాత, ముందు నిర్మూలన ప్రారంభిద్దాం అని ఆజ్ఞ ఇచ్చారు. సభ మా పెరటి ముందే. మంత్రిగారు స్వహస్తాలతో కత్తెర పట్టి తీగను కత్తిరిస్తారు. ఎన్ని కొసలు కత్తిరిస్తారని మా కోడలు అడిగింది. ఒక్కటే. మిగతావి? మిగతావి ప్రారంభమైనట్టే. నిర్మూలన ప్రారంభమైన తీగను వేరేవాళ్లు ముట్టుకుంటే అది పనికి ఆటంకం కలిగించినట్టట.

ఒక కొస కోస్తే మూడొస్తాయి. కొమ్మలు కొట్టేవాళ్లు వారం తిరక్కుండా వస్తారు. ఆ సాయంత్రం మా కోడలు గోడకి ఆనించిన గునపాన్ని తీసి, తుడిచి, మళ్లీ అక్కడే పెట్టింది.

సభ రోజు వచ్చింది. పెరటి అవతల వెనక వీధి వైపు స్టేజీ కట్టారు. స్టేజీ వెనక, మా తోటకి అడ్డంగా, మంత్రిగారి బొమ్మ ఉన్న పెద్ద తెర కట్టారు. ఆ బొమ్మలో ఆయన చూపుడువేలు మా వంటింటి పొగగొట్టం కంటే పెద్దది. ఉపన్యాసం అయిపోగానే తాడు లాగితే తెర పక్కకి పోయి, వెనక శత్రువు భయంకరంగా కనబడాలి. అదీ ఏర్పాటు.

ఇంకో సంగతి మీకు తెలియాలి. మంత్రిగారు మాట్లాడుతున్నప్పుడు ఉద్యోగం చేసేవాళ్లెవరూ ఆయన వెనకాల ఉండకూడదు. అందరూ ఎదురుగా, ఆయన కంటపడేలా కూర్చోవాలి. ఆయన మాట్లాడుతూనే ఎవరు చప్పట్లు కొడుతున్నారో చూసుకుంటారు. ఒకసారి ఒక ఇంజినీరు స్టేజీ వెనక వైరు సరిచేస్తూ చప్పట్లు తప్పిపోయాడట. ఇప్పుడు ఎక్కడున్నాడో అతని ఇంట్లోవాళ్లు ఉత్తరాల మీద పోస్టాఫీసు ముద్ర చూసి తెలుసుకుంటున్నారట. అందుకని ఆ రోజు ఆఫీసరుగారు, గుమాస్తాలు, పోలీసులు, మైకువాళ్లు, మా ఈలాయన, అందరూ తోట వదిలేసి ముందుకొచ్చి కూర్చున్నారు. మంత్రిగారి ఇల్లాలు, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, మొదటి వరసలో మెత్తటి కుర్చీలో కూర్చుంది. తెర వెనక తీగ, నిమ్మచెట్లు తప్ప ఎవరూ లేరు.

"అత్తయ్యా, మీరు ముందు కూర్చుంటారా, వెనక్కి వస్తారా?" అంది మా కోడలు.

నాకు మోకాళ్ల నొప్పులు. అయినా వెనక్కే వెళ్లాను. పక్కింటి వదిన కొడవలి తెచ్చింది, వీధిలో ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు సంచులు పట్టుకుని వచ్చారు. స్నానాల గది కిటికీలు అందరికీ ఉంటాయి కదా. చేతులకి పాత గుడ్డలు చుట్టుకున్నాం, పాలు తగలకుండా.

చప్పుడవుతుందని భయపడ్డాం గానీ మంత్రిగారు ఉండగా మనకి భయమేమిటి. తెరకి అవతల ఆయన గొంతెత్తి, ఈ తీగను నేను బతికుండగా ఒక్క అంగుళం పెరగనివ్వను అన్నారు. చప్పట్లు. ఆ చప్పట్లలో మా కోడలు గునపం దించింది. దీని వేళ్లు ఎంత లోతుగా ఉన్నా పెకలిస్తాను అన్నారు. చప్పట్లు. మొదలు ఊడి పైకొచ్చింది. మంత్రి మాటకి అంత బలం ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఆయన చప్పట్ల కోసం ఆగిన ప్రతిసారీ ఒక మొదలు లేచేది. మధ్యలో ఒకసారి ఆయన నీళ్లు తాగడానికి ఆగితే మాకు పని ఆగిపోయింది. త్వరగా తాగితే బాగుండునని వదిన విసుక్కుంది.

పైన అల్లుకున్నదంతా కోసి లాగి సంచుల్లో కుక్కి, ఆ సంచుల మీద ఆడవాళ్లం కూర్చున్నాం. నిమ్మచెట్ల మీద ఎన్నాళ్లకో ఎండ పడింది. మా కోడలు ఒక్కో చెట్టు దగ్గరికీ వెళ్లి కొమ్మ పట్టుకుని గోటితో గీకి చూసింది. లోపల పచ్చగానే ఉంది. మూలన ఎండిన చెట్టు దగ్గర కూడా గీకి చూసింది. అక్కడ మాత్రం చెయ్యి తీసేసి కొంగుకి తుడుచుకుంది.

అంతలో ఆఫీసరుగారు, ఉపన్యాసం ఆఖరికి వచ్చిందని, శత్రువు సరిగ్గా ఉన్నాడో లేడో చూసుకోవడానికి తెర అంచు ఎత్తి తల లోపల పెట్టారు. సంచుల మీద కూర్చున్న మమ్మల్ని చూశారు. శుభ్రంగా ఉన్న చెట్లని చూశారు. ఆయన తల మా వైపు, ఒళ్లు మంత్రిగారి వైపు ఉన్నాయి. తల తెల్లబోయింది. ఒళ్లు మాత్రం చప్పట్లు కొడుతూనే ఉంది.

మా మీద అరవడానికి వీల్లేదు, మైకుకి వినబడుతుంది. ఆయన వెళ్లి మంత్రిగారి చెవిలో, జనం ఇంకా వినాలనుకుంటున్నారు సార్ అన్నారు. అలాంటి మాట మంత్రిగారు ఇంతవరకూ వినలేదేమో, కళ్లు చెమర్చాయి. తన చిన్నతనం నుంచి మొదలుపెట్టారు. ఆఫీసరుగారు డ్రైవరుని పిలిచి, ఎక్కడైనా సరే, దట్టంగా, నిగనిగలాడుతూ, ఇలాంటి తీగే కోసుకు రా, ఉపన్యాసంలో సారు పెళ్లీడుకి వచ్చేలోపల ఇక్కడుండాలి అన్నారు.

డ్రైవరు ఏళ్ల తరబడి మంత్రిగారి కారే తోలుతున్నాడు. అతనికి కళ్లు మూసుకుని వెళ్లగలిగే దారి ఒక్కటే. వెళ్లాడు, వచ్చాడు. మంత్రిగారు ఇంకా హైస్కూల్లోనే ఉన్నారు. డిక్కీ నిండా తీగ. అబ్బో, మాది దాని ముందు పసికూన. ఆఫీసరుగారు పురికొస తీసుకుని తనే ఆ తీగని ముందున్న నిమ్మచెట్టుకి చుట్టి చుట్టి కట్టారు. మా కోడలు పక్కన నిలబడి చూస్తూ, కొంచెం వదులుగా కట్టండి సార్, పూత రాలుతుంది అంది. వదులుగా కట్టారు.

తాడు లాగారు. మంత్రిగారి బొమ్మ పక్కకి జరిగింది. జనం శత్రువుని చూసి అబ్బురపడ్డారు. మంత్రిగారు కత్తెర పైకెత్తి అందరికీ చూపించి, ఒక దట్టమైన పాయ పట్టుకుని కత్తిరించారు. సరిగ్గా తెగలేదు. గట్టిగా నొక్కారు. తెగిన పాయతో పాటు ఒక సన్నటి వైరు, వైరుకి ఎర్రటి, పచ్చటి చిన్న బల్బులు బయటికి వచ్చి మంత్రిగారి చేతిలో వేలాడాయి. ఫోటోవాళ్లు ఫోటో తీశారు.

అప్పుడు మొదటి వరసలోంచి అమ్మగారు లేచింది. ఆవిడ గొంతు చిన్నదే. కానీ మైకు దగ్గర్లో ఉంది.

"ఏమండీ, అది మన గేటు మీది లత కదూ?"

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఈలాయన ఒక్కడే అలవాటు కొద్దీ చిన్న ఈల ఊదాడు.

మంత్రిగారు చేతిలోని తీగని చూశారు. ఆఫీసరుగారి వైపు చూశారు. ఇక్కడ చదువు విలువ తెలుస్తుంది మీకు. ఇన్నాళ్లూ పువ్వు లేనిదే చెప్పలేనన్న మనిషి, భూతద్దం కూడా తీయకుండా, ఒక్క ఆకు చూసి గుర్తుపట్టేశారు. ఇది ఆక్రమణ తీగ కాదు, శోభాలత అనే అరుదైన మొక్క, నీడనిస్తుంది, అందాన్నిస్తుంది, దీన్ని కాపాడుకోవాలి అని మైకులో చెప్పారు. మరి మా పెరట్లో ఇన్నాళ్లూ ఉన్నదేమిటి అని ఎవరో అడిగారు. మీ పెరట్లో ఏదీ, చూపించండి అన్నారు. చూస్తే నిజమే, ఏదీ లేదు. మేం సంచుల మీద నుంచి లేవలేదు.

మర్నాడు పేపర్లో వచ్చింది మీరు చదివే ఉంటారు. మంత్రిగారి చేతుల మీదుగా తీగ అంతం అని. దేశంలో ఎక్కడా ఇంత త్వరగా అంతం కాలేదట. కంచె తీసేశారు, ఈలాయన వెళ్లిపోతూ టీ తాగి వెళ్లాడు. సంచుల్లో తీగని ఎండబెట్టి తగలబెట్టాం. కత్తిరించిన శోభాలతని మాత్రం ఆఫీసరుగారు బల్బులతో సహా తువ్వాలులో చుట్టి తీసుకెళ్లారు. మా కోడలి చెట్లకి పూత నిలిచింది. పిందె పడిన రోజు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించింది. మూలన ఎండిపోయినదాని చోట కొత్త అంటు నాటింది.

పేపర్లో రాని సగం ఇదీ.

మంత్రిగారి బంగళా గేటు మీద లతకి ప్రభుత్వ రక్షణ వచ్చింది. మా ఈలాయననే అక్కడ కాపలా వేశారు. నీళ్ల ట్యాంకరు కూడా అటే వెళ్లడం మొదలుపెట్టింది. డ్రైవరు పైపైన కోసిన తీగ కదా, ఒకటికి మూడు మొలిచాయి. ఒక రోజు పొద్దున మంత్రిగారు కారులో కూర్చుంటే గేటు తెరుచుకోలేదు. రెండు తలుపుల్నీ కలిపి కుట్టేసింది తీగ.

వంటింటి పక్కన చెత్తబుట్టలు పెట్టే సందులోంచి చిన్న తలుపుంది. అమ్మగారు అందులోంచి మా ఇంటికి నడిచి వచ్చింది. మంత్రిగారు ఆ దారిన రారట. కారు లేకుండా వీధిలోకి వస్తే ఎవరూ గుర్తుపట్టరని ఆయన భయం. అమ్మగారు కూర్చుని, నీళ్లు తాగి, మీరెలా పీకారో చెప్పమ్మాయ్ అని మా కోడలిని అడిగింది. నేనైతే ఏమనేదాన్నో. మా కోడలు గునపం తీసి, పదండి అంది.

నేనూ వెళ్లాను. చూడకుండా ఎలా ఉంటాను.

గేటు దగ్గర ఈలాయన ఈల ఊదాడు. మమ్మల్ని చూసి మొహమాటపడి, ఊదడం మాత్రం ఆపలేదు. ఇది శోభాలత, ముట్టుకుంటే నేరం, ఇదే ఆక్రమణ తీగ అని తేలితే ఈ క్షణమే పీకొచ్చు, సారు ఒక్క మాట చెబితే చాలు అన్నాడు. అతనికి అది ఆజ్ఞ, అతనేం చేస్తాడు.

ఆకుల అవతల మంత్రిగారున్నారు. కనబడలేదు గానీ, గొంతు సవరించుకోవడం వినబడింది. చెప్పండి, ఒక్క మాటే కదా అంది అమ్మగారు. ఆయన మళ్లీ గొంతే సవరించుకున్నారు.

మా కోడలు గేటుకి దగ్గరగా వెళ్లి ఆకులతో మాట్లాడింది.

"అయ్యగారూ, ఊరందరికీ చెప్పొద్దు. ఇది అదే తీగ అని ఈ గునపానికి చెప్పండి చాలు."

కారు ఇంజను ఆపేసిన చప్పుడు వినబడింది. తరవాత, రేపు ప్రకటిస్తాను అని లోపలి నుంచి గొంతు వచ్చింది. మేం ఇంటికొచ్చేశాం.

తెల్లారి మైకు జీపు మళ్లీ మా వీధిలోకి వచ్చింది.

"గౌరవనీయులైన మంత్రివర్యులు ప్రజల సౌకర్యార్థం నేటి నుంచి ఎక్కడికీ వెళ్లరు. రాత్రింబగళ్లు తమ నివాసంలోనే ప్రజలకు అందుబాటులో ఉంటారు. ఈ పథకాన్ని వారు ఇప్పుడే ప్రారంభించారు."

ఎంత నిరాడంబరుడని ఊరంతా మెచ్చుకుంది. అందరం వెళ్లి గేటు ముందు నిలబడి చప్పట్లు కొట్టాం. ఆ గేటులోంచి మేం లోపలికి వెళ్లే దారి లేదు, ఆయన వచ్చే దారీ లేదు. కానీ అందుబాటులో ఉన్నారు. ఆకుల మధ్య నుంచి ఒక చెయ్యి మా వైపు ఊగింది.

ఇది గుర్తుపెట్టుకోండి. మీ ఇంట్లోవాళ్లకి చెప్పండి, వాళ్లని ఇంకొకరికి చెప్పమనండి. నిమ్మచెట్లు మా కోడలివని చెప్పడం మరిచిపోకండి, నావని చెబితే ఆ పిల్ల ఊరుకోదు. గేటు దగ్గర ఊగింది చెయ్యి కాదు, ఆకే అనేవాళ్లు కొందరున్నారు. మీరు మాత్రం చెయ్యే అని చెప్పండి. మంత్రిగారంటే నాకు గౌరవం.